చాప పరచిన చేయి: పల్నాటి సాహిత్యంలో సహానుభూతి, అధికారం

ఉపోద్ఘాతం

మాచర్ల పట్టణాన్ని ఒరుసుకొని పారే చంద్రవంక, ఎత్తిపోతల వద్ద సుమారు 70 అడుగుల ఎత్తు నుండి లోయలోకి దూకి, కొద్ది దూరంలోనే కృష్ణానదిలో కలుస్తుంది. ‘యతి తపోతలం’ అన్న మాట జనవ్యవహారంలో ‘ఎత్తిపోతల’గా మారిందని ఒక వ్యుత్పత్తి ప్రచారంలో ఉంది. భాషాశాస్త్ర దృష్టితో ఇది ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే చర్చ. నేటి వ్యవసాయ వ్యవహారంలో మాత్రం ‘ఎత్తిపోతల’ అంటే పల్లం నుండి మెరకకు నీటిని ఎత్తిపోయడమే. ఈ జలపాతం దగ్గర జరిగేది అందుకు విరుద్ధం. ఇక్కడ నీరు పైనుండి కిందికి, ఎవరి శ్రమా లేకుండా దిగుతుంది. ఒకే మాటలో ఇమిడిన ఈ రెండు గతులు అసమ సమాజంలో సహానుభూతిని గురించి ఆలోచించడానికి ఒక ఆధారాన్నిస్తున్నాయి. పై మెట్టున ఉన్నవారి హృదయం నుండి కింది వారికి దిగే దయ ఒకటి. కింద ఉన్నవారు తమ శక్తితో పైకి ఎత్తవలసిన న్యాయం మరొకటి. సాహిత్యం ఈ రెండింటిలో దేనిని విలువగా నిలబెడుతుందన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

ఈ పరిశీలనకు పల్నాటి నేలతో సంబంధమున్న మూడు రచనలను స్వీకరిస్తున్నాను. మొదటిది పల్నాటి వీరగాథ. ఇది శ్రీనాథుని పేర నిలిచిన మంజరీ ద్విపదలోను, వీరవిద్యావంతుల గానంలోను, కారంపూడి ఉత్సవంలోను జీవిస్తున్నది. రెండవది పల్నాటి పుల్లరి ఉద్యమంతో ముడిపడి జైలుకు వెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ రచించిన ‘మాలపల్లి’ (1922). మూడవది వినుకొండలో జన్మించిన గుర్రం జాషువ కావ్యం ‘గబ్బిలం’ (1941). ఈ మూడింటినీ విడివిడిగా పరిశీలించిన విమర్శ మనకు కొదవలేదు. అయితే వీటిని ఒక వరుసలో ఉంచి, సహానుభూతి ఎవరి చేతిలో ఉంది, అది అధికారాన్ని ఎంతవరకు కదిలించింది అని అడిగినప్పుడు కొన్ని కొత్త సంగతులు తెలుస్తాయి.

పరిశీలనకు మూడు ప్రశ్నలు

‘సానుభూతి’, ‘సహానుభూతి’ అనే మాటలను మనం తరచు ఒకే అర్థంలో వాడుతున్నాం. ఈ వ్యాసం పరిమితిలో వాటిని వేరుచేసి వాడుతున్నాను. తానున్న చోటనే ఉండి ఎదుటివాని కష్టానికి కరగడం సానుభూతి. ఎదుటివాడున్న చోటికి తన ఊహను, అవసరమైతే తన స్థితిని కూడా తరలించడం సహానుభూతి. మొదటిదానివల్ల ఇచ్చేవాని స్థానానికి ఏ ప్రమాదమూ లేదు. రెండవదానిలో అతడు ఎంతో కొంత కోల్పోవలసి వస్తుంది.

సహానుభూతి వ్యక్తిగతమైన విలువ. అధికారం వ్యక్తికి అతీతంగా కులం, భూమి, రాజ్యం, ఆలయం వంటి వ్యవస్థలలో ఉంటుంది. మంచి మనిషి చెడ్డ వ్యవస్థలో ఏమి చేయగలడు, ఎక్కడ ఆగిపోతాడు అన్నది ఈ రెండూ ఎదురైన చోటనే తేలుతుంది. అందువల్ల ప్రతి రచననూ మూడు ప్రశ్నలతో పరీక్షిస్తున్నాను. ఆదరణకు సంబంధించిన నిర్ణయం ఎవరిది? ఆదరణ పొందినవానికి దక్కింది చోటు మాత్రమేనా, మాట కూడానా? ఆదరించినవాడు తొలగిపోయిన తరువాత మిగిలేది ఏమిటి?

చాపకూడు: ఆదరణ, దాని అంచులు

12వ శతాబ్ది చివరి పాదంలో జరిగిన పల్నాటి యుద్ధం, గాథ ప్రకారం, దాయాదుల కలహం. గురజాలలో నలగామరాజు, అతని మంత్రిణి నాగమ్మ ఒక పక్షం. మాచర్లలో మలిదేవరాజు, అతని పక్షాన బ్రహ్మనాయుడు మరొక పక్షం. కోడిపందెం, వనవాసం, రాయబారిగా వెళ్ళిన అలరాజు మరణం, చివరకు కారంపూడి రణరంగం: కథాక్రమం పాఠకులకు సుపరిచితమే. అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించిన నాటినుండి ద్విపద కృతి కర్తృత్వం, పాఠం గురించి పండితుల మధ్య చర్చ సాగుతూనే ఉంది. శ్రీనాథుని పేర లభిస్తున్న భాగం ప్రధానంగా బాలచంద్రుని యుద్ధానికి సంబంధించినది. కనుక బ్రహ్మనాయుని సంస్కర్తగా చూపే సన్నివేశాలు చాలావరకు మౌఖిక సంప్రదాయం ద్వారా, ఉత్సవం ద్వారా మనకు చేరాయి.

ఆ సంప్రదాయంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపపై కూర్చోబెట్టి భోజనం పెట్టినవాడు. మాల కులస్థుడైన కన్నమదాసును కొడుకుగా స్వీకరించి సేనానాయకత్వం ఇచ్చినవాడు. మాచర్ల చెన్నకేశవుని సన్నిధిలోకి అంటరానివారిని తీసుకువెళ్ళినవాడు. సహపంక్తి భోజనమే మహాపరాధంగా భావించిన సమాజంలో ఈ కల్పన, లేదా ఈ జ్ఞాపకం, సామాన్యమైనది కాదు. బ్రహ్మనాయుని ఆదరణ కేవలం అన్నంతో ఆగలేదని కూడా గమనించాలి. కన్నమదాసు చేతికి కత్తి వచ్చింది. ఆయుధం అధికారానికి అత్యంత ప్రత్యక్షమైన గుర్తు. చాపమీద చోటు ఇవ్వడం ఔదార్యం కావచ్చు; సైన్యాన్ని అప్పగించడం నమ్మకం. ఈ మేరకు వీరగాథ సానుభూతిని దాటి సహానుభూతి వైపు నడిచింది.

అయినా మొదటి ప్రశ్న వేసినప్పుడు సమాధానం స్పష్టం. నిర్ణయం బ్రహ్మనాయునిది. చాప పరచిన చేయి అతనిదే కనుక, దానిని చుట్టిపెట్టగల చేయి కూడా అతనిదే. కన్నమదాసు యుద్ధం చేస్తాడు. యుద్ధమా సంధియా అన్న నిర్ణయం మాత్రం అతని చేతిలో లేదు. అతనికి చోటు దక్కింది, ఆయుధం దక్కింది. రాజ్యాంగపరమైన మాట దక్కలేదు.

చాప అంచులు బయటపడే సన్నివేశం ద్విపదలోనే ఉంది. బాలచంద్రునితో యుద్ధానికి కదిలిన సోదర బృందంలో కంసాలి, మంగలి, చాకలి, కుమ్మరి మొదలైన కులాలవారున్నారు. బ్రాహ్మణుడైన అనపోతు కూడా ఉన్నాడు. రణంలో బ్రాహ్మణుడు చనిపోతే ఆ పాపం తమకు చుట్టుకుంటుందని బాలచంద్రుడు ఒక నెపం పెట్టి అనపోతును వెనక్కు పంపుతాడు. నిజం తెలుసుకున్న అనపోతు ప్రాణత్యాగం చేస్తాడు. ఈ ఘట్టాన్ని సాధారణంగా స్నేహధర్మానికి, వీరోచిత త్యాగానికి నిదర్శనంగా వ్యాఖ్యానిస్తారు. అది సరైనదే. అయితే దీనిలో మరొక లెక్క కూడా ఉంది. అన్నం దగ్గర సమానులైనవారు మరణం దగ్గర సమానులు కాలేదు. ఒకరి చావు పాపం. తక్కినవారి చావు వీరస్వర్గం. ఒకే పంక్తిలో కూర్చున్న సోదరులలో ఎవరి ప్రాణానికి ఎంత విలువ అన్న నిర్ణయం పాత ధర్మశాస్త్రమే చేసింది. ప్రేమించే బాలచంద్రునికి కూడా ఆ లెక్క తప్పుగా తోచలేదు.

అందుకే అనపోతు ఈ గాథలో విశేషంగా నిలవవలసిన పాత్ర. అతనికి లభించింది ఒక మినహాయింపు. తోటివారికి లేని రక్షణ తన కులంవల్ల తనకు వస్తున్నదని తెలిసినప్పుడు అతడు దానిని భరించలేకపోయాడు. పై స్థానంలో ఉన్నవాడు కిందివారికి ఏదో ఇవ్వడం బ్రహ్మనాయుని మార్గం. పై స్థానం తనకిచ్చే సౌకర్యాన్ని వదులుకోవడం అనపోతు మార్గం. ప్రాణత్యాగాన్ని ఆదర్శంగా చెప్పడం నా ఉద్దేశం కాదు. ప్రత్యేక హక్కును నిరాకరించడమే సహానుభూతికి నిజమైన పరీక్ష అన్న సూచన ఈ మధ్యయుగపు గాథలోనే ఉన్నదని చెప్పడమే ఉద్దేశం.

ఈ గాథ సహానుభూతికి ఉన్న మరొక హద్దు నాగమ్మ. కన్నమదాసును కొడుకుగా చూసిన కథనం, మంత్రిపదవిని అధిష్ఠించిన స్త్రీని కుట్రదారుగానే చూసింది. బ్రహ్మనాయుడు ఎత్తు వేస్తే రాజనీతి. నాగమ్మ ఎత్తు వేస్తే మాయోపాయం. ఒక అసమానతను ప్రశ్నించిన కావ్యం మరొక అసమానతను తన కథనానికే ఇరుసుగా చేసుకోగలదు. ఆదరణకు అర్హులెవరో నిర్ణయించే అధికారం కథకుని చేతిలో కూడా ఉంటుందని దీనివల్ల తెలుస్తుంది.

ఇక మూడవ ప్రశ్న. యుద్ధానంతరం బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని ఐతిహ్యం. అతనితోపాటు ఆ రాజ్యవిధానం కూడా బిలంలోకి వెళ్ళిందనే అనుకోవాలి. చాప శాసనం కాలేదు, ఆచారం అయింది. ఏటా కార్తిక అమావాస్యనాడు ఆరంభమై అయిదు రోజులు సాగే కారంపూడి ఉత్సవంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనేవి వరుసగా జరుగుతాయి. మందపోరునాడు చాపకూడు పెడతారు. సంవత్సరంలో ఒక రోజు నిలిచే సమానత్వం తక్కిన రోజుల అసమానతకు సమాధానం కాదన్న విమర్శ న్యాయమైనదే.

కాని ఇక్కడ విమర్శకుడు తొందరపడకూడదు. ఈ కథను కత్తి, డాలు చేతబట్టి శతాబ్దాలుగా గానం చేసిన వీరవిద్యావంతులు దళిత సమాజం నుండి వచ్చినవారు. రాజుల కథలో కన్నమదాసు చెరగకుండా నిలవడం ఆ గొంతులవల్లనే సాధ్యమైంది. ‘ఒకనాడు మా పూర్వుడు సేనాని, మీ పూర్వులు మాతో కలిసి తిన్నారు’ అని ఊరి మధ్యలో ఏటా వినిపించడం కేవలం కృతజ్ఞత కాదు. అది ఒక పూర్వోదాహరణను సజీవంగా ఉంచుకోవడం. న్యాయస్థానంలో పాత తీర్పును ఉదహరించినట్లు, సమాజం ముందు పాత చాపను ఉదహరించడం. పైనుండి దిగిన దయను కిందివారు తమ జ్ఞాపకశక్తితో హక్కుగా మార్చుకునే ప్రయత్నం ఇందులో ఉంది.

మాలపల్లి: మంచి మనసు, ఆస్తి

1921లో పల్నాటి రైతులు అడవిలో పశువుల మేతపై విధించిన పుల్లరిని నిరాకరించారు. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలయ్యాడు. ఈ ఉద్యమానికి సంబంధించి అరెస్టయిన ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైలులో ‘మాలపల్లి’ రచించాడు. బ్రహ్మనాయునికి, ఉన్నవకు మధ్య ఉన్న ముఖ్యమైన భేదం ఇక్కడే ఉంది. ఒకడు అధికారంలో ఉండి ఆదరించాడు. మరొకడు అధికారం చేత బందీ అయి, తనకంటె అనేక రెట్లు బందీలైనవారిని గురించి ఆలోచించాడు. పుల్లరి బాధ కులాలను దాటి పశువు ఉన్న ప్రతి ఇంటికీ తగిలింది. పాలించేవాని చేతిలో నలగడమంటే ఏమిటో స్వయంగా తెలిసిన స్థితి నుండి పుట్టిన సహానుభూతి ఈ నవలకు ఉంది.

రామదాసు కుటుంబాన్ని ఉన్నవ బయటినుండి చూపలేదు. వారి భక్తి, వారి సేద్యం, వారి మాట, వారి అభిప్రాయభేదాలు వ్యావహారిక భాషలో నవల నడిబొడ్డున నిలిచాయి. సంగదాసు కేవలం జాలిగొలిపే పాత్ర కాదు. ఆలోచించేవాడు, కూలీలను కూడగట్టేవాడు, వాదించేవాడు. రెండవ ప్రశ్నకు ఈ నవల ఇచ్చే సమాధానం వీరగాథ ఇచ్చినదానికంటె ముందుకు సాగింది. ఇక్కడ మాట కూడా దక్కింది.

అయితే నవలలోని అత్యంత కీలకమైన సంబంధం సంగదాసుకు, భూస్వామి చౌదరయ్య కొడుకు రామానాయుడికి మధ్య ఉన్న స్నేహం. పల్నాటి చాప ఇక్కడ ఇద్దరు యువకుల మధ్య మళ్ళీ పరచుకుంది. రామానాయుని స్నేహంలో కపటం లేదు. కాని సంగదాసు ప్రాణం తీసింది ఆ స్నేహితుని తండ్రి చేతి దెబ్బ. కొడుకు హృదయంలోని విలువ తండ్రి చేతిలోని అధికారాన్ని ఆపలేకపోయింది. ఎందుకంటే కూలిరేటును, పొలాన్ని, పాలేరు జీవితాన్ని శాసించేది రామానాయుని హృదయం కాదు, చౌదరయ్య ఆస్తి. మంచివారు లేనందువల్లనే అన్యాయం జరుగుతుందనే సులభమైన అభిప్రాయాన్ని ‘మాలపల్లి’ ఈ ఒక్క ఘటనతో ఖండించింది. మంచివాడు ఆ ఇంట్లోనే ఉన్నాడు. అన్యాయం కూడా ఆ ఇంటినుండే వచ్చింది.

రచయిత ఆదర్శం ఈ ఖండనను చివరిదాకా మోయలేకపోయింది. రామదాసు క్షమ, సహనం నవలలో అత్యున్నత విలువలుగా వెలుగుతాయి. తిరగబడిన వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై దోపిడికి దిగి, చివరకు చట్టం చేతికి చిక్కుతాడు. ‘సంగవిజయం’ అన్న నామాంతరంలోని విజయం సంగదాసు మరణానంతరమే వస్తుంది. బాధితుని నుండి ఇంత క్షమను ఆశించడం ఎంతవరకు న్యాయం? క్షమ గొప్ప విలువే. కాని అసమానత ఉన్నచోట క్షమించవలసిన భారం ఎప్పుడూ ఒకే పక్షం మీద పడితే, ఆ విలువ అధికారానికి రక్షణకవచంగా మారుతుంది. రచయిత సహానుభూతి ఎంత గాఢమైనదైనా, బాధితుడు ఎలా స్పందించాలో నిర్ణయించే స్థానాన్ని అతడు వదులుకోలేకపోయాడు. చాప పరచిన చేయి ఇక్కడ కలం పట్టింది.

గబ్బిలం: కిందినుండి పైకి

జాషువ 1895లో వినుకొండలో పుట్టాడు. దారిద్ర్యాన్నీ కులమత భేదాన్నీ తన గురువులుగా చెప్పుకున్న కవి ఆయన. మొదటిది సహనాన్ని నేర్పితే రెండవది ఎదిరించే శక్తిని పెంచిందని ఆయన భావం. ఈ రెండు గుణాలనూ ఒకేసారి పేర్కొనడం గమనించదగినది. ‘మాలపల్లి’లో రామదాసుకు, వెంకటదాసుకు మధ్య చీలిపోయినవి జాషువలో ఒకే వ్యక్తిత్వంగా కలిశాయి.

‘గబ్బిలం’లో ఆదరించే ప్రభువు లేడు. చాప పరచేవాడు లేడు. అరుంధతీసుతుడైన నాయకుడు తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలాన్ని చూసి, తన గోడును కాశీ విశ్వనాథునికి చేర్చమని కోరుతాడు. కాళిదాసు మేఘసందేశంలోని యక్షుడు ప్రభువు శాపంవల్ల ఒక ఏడాది ప్రవాసంలో ఉన్నవాడు; గడువు తీరితే ఇల్లు చేరుతాడు. జాషువ నాయకునికి స్వదేశమే ప్రవాసం, గడువు లేదు. ప్రణయానికి పుట్టిన కావ్యప్రక్రియను జాషువ న్యాయం కోసం వేసిన అర్జీగా మార్చాడు.

గబ్బిలాన్ని ఎన్నుకోవడంలోనే సహానుభూతి తత్త్వం మారిపోయింది. లోకం అశుభంగా భావించే జీవిని, లోకం అంటరానివానిగా చూసే మనిషి అతిథిగా ఆదరిస్తాడు. అధికారం ఏమాత్రం లేనివానికి కూడా ఇవ్వడానికి ఆదరణ ఉంటుందని, సహానుభూతి పైవారి సొత్తు కాదని ఇక్కడ స్థాపితమైంది. అయితే జాషువ ఈ సామ్యాన్ని మెత్తని సౌహార్దంగా మిగల్చలేదు. గబ్బిలానికి ఆలయప్రవేశం ఉంది, మనిషికి లేదు. పూజారి కనిపెట్టని సమయంలో దేవుని చెవిన వేయమని నాయకుడు చెప్పడంలో వేదన ఎంత ఉందో, వ్యవస్థను గురించిన ఖచ్చితమైన అవగాహన అంత ఉంది. అడ్డంకి దేవునిలో లేదని, దేవునికీ మనిషికీ మధ్య నిలిచిన అధికారంలో ఉందని అతనికి తెలుసు.

ఈ కావ్యం వెలువడిన కాలం కూడా ముఖ్యం. తిరువాన్కూరులో 1936లో ఆలయప్రవేశ ప్రకటన వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1939లో ఆలయప్రవేశాన్ని అనుమతించే చట్టం వచ్చింది. అంటే ఆలయద్వారం అనుగ్రహం విషయంగా కాక శాసనం విషయంగా మారుతున్న రోజులవి. జాషువ నాయకుడు దయ కోరుతున్నట్లు పైకి కనిపించినా, వాస్తవంలో సంజాయిషీ అడుగుతున్నాడు. ఆకలితో ఉన్నవాడు, దేశానికి పంట పండించినవాడు, శిల్పానికీ కోటకూ చెమట ఇచ్చినవాడు తన వాటా ఏదని అడగడం అది. గబ్బిలానికి దారి చెప్పే నెపంతో తెలుగు నేలలోని చారిత్రక స్థలాలను నాయకుడు వర్ణించడం కూడా ఈ దృష్టితో చూడవలసినదే. ఊరి వెలుపల ఉంచబడినవాడు దేశచరిత్ర మొత్తాన్నీ తనదిగా చెప్పుకుంటున్నాడు.

ఈ కావ్యానికి కూడా ఒక పరిమితి ఉంది. సందేశం ఇంకా పైకే వెళ్తున్నది. న్యాయం చెప్పవలసినవాడు ఇంకా విశ్వనాథుడే. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితులపై జరిగిన హత్యాకాండల తరువాత వచ్చిన కవిత్వం ఈ సందేశపు దిశనే మార్చింది. 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం నాటికి దళిత కవి ఎవరికీ విన్నవించడం లేదు. తోటివారితో మాట్లాడుతున్నాడు. అవతలివారిని నిలదీస్తున్నాడు. జాషువ తెరిచిన దారిలోనే ఈ కవులు జాషువను దాటి నడిచారు.

విలువ, నియమం

పై పరిశీలనకు రెండు ఆక్షేపణలు రావచ్చు. 12వ శతాబ్ది నాయకుని, 15వ శతాబ్ది కావ్యాన్ని నేటి ప్రమాణాలతో తూచడం న్యాయమా అన్నది మొదటిది. బ్రహ్మనాయుని తప్పుపట్టడం ఈ వ్యాసం లక్ష్యం కాదు. అతని కాలంలో అంతకుమించి ఊహించడం కష్టమే. నేటికీ మనం చాపకూడునే సామాజిక సమానత్వానికి పరమాదర్శంగా ఉదహరిస్తూ ఆగిపోతున్నామే, ఆ మన అలవాటే ఇక్కడి విమర్శకు గురి.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. వ్యక్తి విలువలను ఇలా తగ్గించి చూస్తే, మార్పు ఎవరివల్ల వస్తుంది? బ్రహ్మనాయుడు లేకపోతే చాప లేదు. ఉన్నవ లేకపోతే 1922లో ఆ నవల లేదు. ఇది నిజం. వ్యవస్థ మారితే చాలు, మనుషుల మనసులతో పని లేదనడం కూడా పొరపాటే. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అస్పృశ్యతను రద్దు చేసింది. కారంచేడు తరువాత 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అయినా చుండూరులో ఎనిమిదిమంది హతులయ్యారు. ఆ కేసులో 2007లో ప్రత్యేక న్యాయస్థానం విధించిన శిక్షలను 2014లో ఉన్నత న్యాయస్థానం కొట్టివేసింది. నియమం కాగితంమీద ఉన్నంతమాత్రాన సాక్షికి ధైర్యం రాదు, పొరుగువానికి మనసు రాదు. విలువ లేని నియమం ఎంత బలహీనమో, నియమం లేని విలువ అంత క్షణికం.

కాబట్టి ఈ మూడు రచనలను ఒకదానిని తోసివేసే మరొకటిగా కాక, ఒకదాని లోటును చూపే మరొకటిగా చదవాలి. వీరగాథ చోటు ఇచ్చింది, మాట ఇవ్వలేదు. ‘మాలపల్లి’ మాట ఇచ్చింది, ఆ మాట ఎక్కడ ముగియాలో తానే నిర్ణయించింది. ‘గబ్బిలం’లో మాట ఎవరూ ఇవ్వలేదు, నాయకుడు తానే తీసుకున్నాడు. ఈ క్రమంలో సహానుభూతి తగ్గలేదు. దాని యాజమాన్యం చేతులు మారింది. అనపోతు పాత్రలో ఒక్కసారి మెరిసిన అంశం, అంటే తన స్థానం ఇచ్చే మినహాయింపును తానే వదులుకోవడం, పై మెట్టున ఉన్నవారికి ఈ క్రమం విధించే కర్తవ్యం. చాప పరచడంకంటె చాప ఎవరిదన్న ప్రశ్నను ఎదుర్కోవడం కష్టం.

ముగింపు

ఎత్తిపోతల లోయలోని దత్తాత్రేయ ఆలయం లంబాడీలకు అత్యంత ఆరాధ్యమైనది. మధుమతీదేవి సహితుడైన దత్తాత్రేయుని సేవించడానికి తండాలనుండి వారు పెద్దసంఖ్యలో వస్తారు. చంద్రవంక పరీవాహకంలో, మాచర్ల పరిసరాలలో ఇంతగా కనిపించే ఈ ప్రజలకు పైన పరిశీలించిన మూడు రచనలలోనూ ప్రధానమైన చోటు లేదు. ఇందుకు ఆ రచయితలను నిందించడం సులభం. కాని పల్నాటి సాహిత్యాన్ని సహానుభూతి దృష్టితో చదవబూనిన ఈ వ్యాసం కూడా తన ఆధార రచనలను ఎన్నుకునేటప్పుడు వారి పాటలను, కథలను లెక్కలోకి తీసుకోలేదు. తెలుగు లిపిలో అచ్చయినదే పల్నాటి సాహిత్యమన్న అలవాటు దీనికి కారణం. ఎవరు పాఠ్యంగా నిలవాలో, ఎవరు పరిసరంగా మిగలాలో నిర్ణయించే ఆ అలవాటు కూడా అధికారమే. అది విశ్వవిద్యాలయ శాఖల చేతిలో, పత్రికల చేతిలో, మనవంటి విమర్శకుల చేతిలో ఉంది.

కన్నమదాసును వీరవిద్యావంతుల గొంతు నిలిపింది. అరుంధతీసుతుని జాషువ పద్యం నిలిపింది. ఎత్తిపోతల తండాల గొంతు వారి భాషలోనే, వారి చేతనే పల్నాటి సాహిత్య చర్చలోకి రావలసి ఉంది. అందుకు మనం చేయవలసిన మొదటి పని వారికి చాప పరచడం కాదు. ఇంతకాలం మనమే కూర్చున్న చోటునుండి కొంత జరగడం.